పైపులో కనిపించిన వేర్లు

మా పక్కింటి కానుగ చెట్టును కొట్టించింది నేనే. గొడ్డలి పట్టలేదు, పంచాయితీ పెట్టలేదు, గట్టిగా ఒక మాట కూడా అనలేదు. ఆన్‌లైన్‌లో ఒక చౌక కెమెరా కొన్నాను, అంతే. ఇది జరిగి రెండేళ్లు దాటింది. ఎండాకాలం మధ్యాహ్నం వాకిట్లోకి వచ్చి ఆ వైపు చూడాలంటే ఇప్పటికీ నాకు మొహం చెల్లదు.

నేను రిటైరైన సైన్సు మాస్టరును. మైదుకూరులో మేం ఇల్లు కట్టుకుని పాతికేళ్లయింది. ఆ ఏడు ఉగాది దాటగానే మా బాత్రూములో నీళ్లు నిలబడటం మొదలైంది. ప్లంబరు వచ్చి మూత తీసి, పైపులోకి పొడవాటి స్ప్రింగు తీగ తోసి, చెవి ఆనించి విని, "లోపల యాడనో అడ్డం పడిండాది సార్. బండలు లేపి తవ్వాల," అన్నాడు.

అసలు చిక్కు ఆ బండల దగ్గరే వచ్చింది. మా వాకిట్లో పరిచినవి నల్లటి కడప బండలు, ఒక్కొక్కటీ నేను దగ్గరుండి ఏరుకున్నవి. ఒకటి లేపితే అంచు విరుగుతుంది, మళ్లీ ఆ జోడు కుదరదు. "యాడనో అంటే ఎట్లప్పా, ఎక్కడో చెప్పు, అక్కడే తవ్వుదాం," అని వాదించాను. "నా కండ్లు పైపులోకి పోతాయా సార్," అని అతను తీగ చుట్టుకుని వెళ్లిపోయాడు. ఆ మాట నన్ను పట్టుకుంది. కళ్లు పోకపోతే కెమెరా పోతుంది కదా అనుకున్నాను.

అప్పటినుంచి వారం రోజులు నాకు వేరే పని లేదు. ఫోనుకు తగిలించుకునే ఆ సన్నటి పాము కెమెరాలు ఇన్ని రకాలున్నాయని నాకు తెలియదు. తలకాయ లావెంత, చుట్టూ బుల్లి లైట్లు ఎన్ని, నీళ్లలో మునిగినా పని చేస్తుందా, మా ఫోను పిన్నుకు సరిపోతుందా, అన్నీ నోటుబుక్కులో గీతలు కొట్టి రాసుకున్నాను. కొన్నవాళ్లు రాసిన అభిప్రాయాలు మంచివీ చెడ్డవీ వదలకుండా చదివాను. మా ఆవిడ చూసి చూసి, "నన్ను సూసుకునేదానికి వచ్చిన పొద్దు పావుగంటలో తేల్చినావు. దీనికి వారమా?" అంది.

చివరికి రెండు మిగిలాయి. ఒకటి పది మీటర్ల గట్టి వైరుది, బొమ్మ స్పష్టంగా వస్తుంది. రెండోది ఐదు మీటర్ల మెత్తటి వైరుది, బొమ్మ కొంచెం అలుక్కుపోయినట్టు ఉంటుంది, ధర అందులో సగం కూడా లేదు. ఒక్కసారి చూసి అటకమీద పడేసేదానికి అంత పెట్టడం ఎందుకని ఐదు మీటర్లది తెప్పించాను. పిసినారితనమని అప్పుడు అనిపించలేదు, తెలివనే అనిపించింది.

మెత్తటి వైరు పైపులోకి ఊరికే పోలేదు. ప్లంబరును మళ్లీ పిలిపించి, అతని తీగకు దాన్ని టేపుతో కట్టి ఇద్దరం తోశాం. ఫోనులో మొదట బురద రంగు వెలుగు, తర్వాత గుండ్రటి గోడ. వైరు ఇంక అయిపోతుందనగా, పైపుల అతుకు దగ్గర గోడలోంచి గోధుమరంగు పోగులు కుచ్చులాగా వేలాడుతూ కనిపించాయి. అంతకుమించి వైరు పోలేదు. బయట సరిగ్గా ఆ తావుకు గోడ అవతలే పక్కింటివాళ్ల కానుగ చెట్టు ఉంది.

"వేర్లు," అన్నాను. ప్లంబరు ఫోను దగ్గరికి లాక్కుని, "వేర్ల మాదిరే ఉండాయి," అన్నాడు. ముప్పై ఏళ్లు పిల్లలకు కళ్లతో చూసిందే నమ్మమని చెప్పినవాణ్ణి. ఇంకేం కావాలి నాకు? ఆ వీడియో మా ఆవిడకు చూపించాను, వీధిలో నలుగురికి చూపించాను. కనిపెట్టిన గొప్ప నాది కదా.

పక్కింటాయన ఆటో నడుపుతాడు. ఆయన భార్య బట్టలు కుడుతుంది. వాళ్లది సెంటున్నర స్థలంలో సిమెంటు రేకుల ఇల్లు, ఎండాకాలం పది గంటలకే లోపల కూర్చోలేరు. అందుకని ఆమె మిషను ఎప్పుడూ ఆ కానుగ కిందే ఉండేది. అదే ఆమె అంగడి. జాకెట్లు ఇచ్చేవాళ్లు, కొలతలు ఇచ్చేవాళ్లు, ఊరికే కూర్చుని పోయేవాళ్లు అందరూ ఆ నీడకే వచ్చేవారు. బడులు తెరిచే ముందు యూనిఫారాలు గుట్టలుగా వచ్చేవి. మే నెలలో కూడా పొద్దుగూకేదాకా ఆ మిషను చప్పుడు మా ఇంట్లోకి వినిపిస్తూనే ఉండేది.

మరునాడు ఉదయం నేను వాళ్ల గేటు దగ్గరికి పోయాను. ఆయన ఆటో తుడుచుకుంటున్నాడు. ఆమె కత్తెర చేతిలో పట్టుకుని మిషను దగ్గర్నుంచి లేచి నిలబడింది. నేను ఫోను ఆయన చేతికిచ్చి, "నువ్వే చూడప్పా. నేనేమనేదీ లేదు, చెట్టు మీది," అన్నాను.

ఆయన వీడియో సగం కూడా చూడలేదు. "మీరు సూసినాక ఇంగ మేము సూసేదేముండాది సార్. మా పిల్లోనికి సదువు సెప్పినోళ్లు. మా సెట్టుతో మీకు ఇబ్బంది వద్దు," అన్నాడు. అది ఒప్పుకోవడం కాదు, మొహమాటం. నాకు ఆ తేడా తెలుసు. తెలిసీ తెలియనట్టు నిలబడ్డాను.

"పూత మీదుండాదే, ఇప్పుడే కొట్టల్లా?" అంది ఆమె, భర్తతోనే.

నేనే జవాబిచ్చాను. "గోడకు దూరంగా ఇంకోటి పెట్టుకుందురులేమ్మా." సెంటున్నరలో గోడకు దూరం ఎక్కడుంటుందో ఆలోచించలేదు.

ఆదివారం వాళ్లు చర్చి నుంచి వచ్చాక ఇద్దరు మనుషులు వచ్చి కొట్టారు. మధ్యాహ్నానికి అయిపోయింది. మా వాకిలి కూడా ఒక్కసారిగా తెల్లగా వెలిగింది. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి చూసి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.

ఆ ఎండాకాలమంతా పక్కింటామె తెల్లవారుజామున లేచి తొమ్మిదింటిదాకా బయట కుట్టేది. తర్వాత మిషను లోపలికి మోసుకుపోయేది. తడిగుడ్డ నెత్తిన వేసుకుని రేకుల కింద కూర్చునేది, మధ్యలో గడపలోకి వచ్చి గాలి పీల్చుకునేది. ఆ ఏడు యూనిఫారాలు చెప్పిన రోజుకు ఇవ్వలేకపోయింది. మరుసటి ఏడు బడివాళ్లు వేరే చోట ఇచ్చారు. ఇవన్నీ ఆమె నాతో చెప్పలేదు. గోడ ఇవతల ఉన్నవాడికి ఒకరు చెప్పక్కర్లేదు.

మా పైపు మాత్రం కొన్నాళ్లు బాగానే పోయింది. ప్లంబరు నీళ్లు గట్టిగా కొట్టి కడిగాడు, అందుకని. నేనేమో చెట్టు పోయింది కాబట్టి అనుకున్నాను. దీపావళి ముందు వానలకు మళ్లీ నిలబడింది. ఈసారి వేరే దారి లేక బండలు లేపించాను. తవ్వితే, ఆ అతుకు దగ్గర ఒక్క వేరు లేదు. కానుగ వేర్లు పైపుకు మూరెడు కిందుగా వేరే దిక్కుకు పోయి ఉన్నాయి. నేను చూసిన కుచ్చు జనపనార. వెనకటి మట్టిపైపులు అతికేటప్పుడు నారను సిమెంటు పాలలో ముంచి చుట్టేవారట, దాని కొసలు లోపలికి జారి వేలాడుతున్నాయి. అసలు అడ్డం ఇంకో మూడు మీటర్లు ముందుకు, వీధివైపు ఉంది. అంతకుముందు ఏడు నేను కారు వాకిట్లోకి ఎక్కించడానికి కాంక్రీటు వాలు పోయించాను. ఆ బరువుకు కింద పైపు కుంగిపోయింది.

పది మీటర్లది కొనుంటే ఆ కుంగు కనిపించేది. బొమ్మ స్పష్టంగా ఉండుంటే నారకూ వేరుకూ తేడా తెలిసేది. ఇట్లా కెమెరా మీద నెపం పెట్టి కొన్ని నెలలు గడిపాను. ప్లంబరుకు డబ్బులిచ్చేటప్పుడు, ఈ సంగతి బయట చెప్పొద్దప్పా అని కూడా అన్నాను. సిగ్గులేనితనం ఎంతదూరం పోతుందో అప్పుడు నాకే తెలిసింది. పక్కింటామె ఎదురైతే ఎప్పటిలాగే "బాగుండారా సార్" అనేది. నేను తల ఊపేవాణ్ణి.

మళ్లీ ఎండాకాలం వచ్చాక ఇంక ఓర్చుకోలేకపోయాను. ఒక మధ్యాహ్నం ఆ నార పోగులు కాగితంలో చుట్టుకుని వాళ్లింటికి పోయాను. ఆయన ఆటో తీసుకుని ఒంటిమిట్టకు పోయి ఉన్నాడు. ఆమె రేకుల కింద కుడుతోంది. గడప దగ్గరే నిలబడి అంతా చెప్పాను. తప్పు నాదేనని, చెట్టుకేం సంబంధం లేదని, ఇన్నాళ్లూ దాచానని చెప్పాను.

ఆమె మిషను ఆపి, కాగితం విప్పింది. ఆ పోగులను రెండు వేళ్ల మధ్య నలిపి చూసింది.

"ఇది మేము సుట్టిందే సార్," అంది.

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. పెళ్లయి కొత్తగా ఈ ఊరికి వచ్చినప్పుడు ఆమె బేల్దారి కూలికి పోయేదట. మా ఇంటి పనికీ వచ్చింది. పునాది నుంచి కప్పుదాకా ఉంది. పైపులు పరిచిన మూడు రోజులూ నార పేని, సిమెంటు పాలలో ముంచి, ఒక్కొక్క అతుకుకూ చుట్టింది ఆమే. నేను అప్పుడు రాయచోటిలో పని చేస్తూ ఆదివారాలు మాత్రం వచ్చేవాణ్ణి. వచ్చి మేస్త్రీతో మాట్లాడి, బండలు చూసుకుని పోయేవాణ్ణి. తట్టలు మోసినవాళ్లలో ఒక్క మొహం కూడా నాకు గుర్తులేదు. ఆ తర్వాత పాతికేళ్లు ఆమె నా పక్కింట్లోనే ఉంది.

ఆమె పోగులను మళ్లీ కాగితంలో చుట్టి నా చేతికిచ్చింది. గొంతులో కోపం లేదు.

"ఆ పొద్దు ఆ ఫోను నాకొకపారి సూపించింటే సెప్పింటా సార్," అంది. "నేను ఆడనే గదా నిలబడుకోనింటి."