పోయినవాడి బండి చూడబోయాం

కన్యాకుమారి దాకా మోటారు సైకిలు మీద పోవాలన్నది నా పిచ్చి. అయిదో తరగతితో బడికి దండం పెట్టినవాణ్ణి, దేశం పటం చదవడం రాదు. దక్షిణం ఎటో మాత్రం తెలుసు. మెదక్‌లో పాత బండి ఒకటి అమ్మకానికి ఉందని విని, మెకానిక్ రహీం భాయ్‌ని వెంటబెట్టుకుని నర్సాపూర్‌లో పొద్దున ఆరున్నర బస్సెక్కాను.

కౌడిపల్లిలో చాయ్ కోసం ఆగినప్పుడు నా కన్యాకుమారి ముచ్చట విని పక్కసీటు పెద్దమనిషి అడిగాడు. "గంత దూరం బండి మీదెందుకు తమ్మీ? రైలున్నది కద?"

"రైలు నడుపుతానంటే నాకు ఇస్తలేరు పెద్దయ్యా."

రహీం భాయ్ నవ్వలేదు. "దూరం పోయే బండికి జోరు కాదురా, ఓపిక కావాలె. ఏ ఊళ్లనైనా సామాను దొరకాలె. చక్రం నువ్వే ఊడదీసి బిగించుకోవాలె" అన్నాడు.

ఎనిమిదిన్నరకు మెదక్‌లో దిగాం. బస్టాండు పక్కన పూరీలు తిని, దారి అడుగుతూ బండి ఉన్న ఇల్లు చేరాం. అరుగు మీద ఒక ముసలాయన గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఆయన కోడలు బయటికి వచ్చింది.

"బండి ఆసామి ఏడికి పోయిండక్కా?"

"పోయిండు."

"ఎప్పుడొస్తడు? మాకు రెండింటి బస్సున్నది."

రహీం భాయ్ నా మోచెయ్యి గిల్లాడు.

"రాడు తమ్మీ" అన్నదామె. "పోయిన నెల, గీ బండి మీదనే."

ముసలాయన గోడకేసి చూస్తూనే, "తాగి సచ్చినోని ముచ్చట నా ముందల తియ్యకుండ్రి" అన్నాడు.

"అందరూ గట్లనే అంటుండ్రు" అన్నదామె మెల్లగా. "ఇది అమ్మితే కుట్టు మిషన్ కొంటా. ఇద్దరు పిల్లలను సాకాలె."

రహీం భాయ్ ఇంజను జోలికి పోలేదు. బకెట్ నీళ్లడిగి రెండు చక్రాలూ తడిపాడు. పొడినేల మీద బండిని తిన్నగా నెట్టాడు. మంచి బండి అయితే వెనక చక్రం ముందుచక్రం గీత మీదే నడుస్తుంది. ఇక్కడ రెండు గీతలు పడ్డాయి, నడుమ రెండు వేళ్ల ఎడం.

"బండికి ఎముకలాంటిది చాసీ, అదే వంగింది. దూరం కాదు, పక్కనున్న చేగుంట దాకా కూడా వద్దు" అన్నాడు.

ఎందుకన్నానో తెలియదు. ముసలాయన దగ్గరికి పోయి, "తాతా, తాగినందుకు కాదు. బండే వంకరది. ఎవ్వడెక్కినా పడతడు" అన్నాను.

ఆయన లేచి వచ్చాడు. వంగి, ఆరిపోతున్న రెండు గీతలనూ వేలితో తడిమాడు. "నా కొడుకు తప్పు కాదా?" అని అక్కడే కూలబడి గొంతెత్తి ఏడ్చాడు. కొడుకు పోయాక ఇదే మొదటిసారట. కాసేపటికి కండువాతో ముఖం తుడుచుకుని, "బిడ్డా, గీ బండి అమ్మొద్దు. ఇంకొకని కొడుకు పోతడు" అన్నాడు.

కోడలు నా వైపు చూసింది. దీవించిందో, తిట్టిందో, ఆ చూపు ఇప్పటికీ నాకు అర్థం కాలేదు.

రెండింటి బస్సు ఊరు దాటాక రహీం భాయ్ నా వైపు తిరిగాడు. "వంగినందుకు పడ్డడో, పడ్డందుకు వంగిందో, నాకే తెల్వదు. నీకెట్ల తెలిసిందిరా?"

"తెల్వదు భాయ్."

మెదక్ దాకా పోయి నేను బండి కొనలేదు. ఆమెను అమ్ముకోనివ్వనూ లేదు.