పాస్టరుగారి మొహాన పేలిన తేనె సీసా

నిన్న మా చర్చి హాల్లో ఏటయిందో మీకింకా తెలీదా? అయితే ముందు టీ కప్పు కింద పెట్టండి, నవ్వితే పొలమారుతుంది! మా వాట్‌గంజ్ పేటంతా తెలిసిపోయింది గానీ, అసలు కథ నా నోటంట వినండి.

మెటియాబ్రుజ్ దర్జీలకి కాజాలు కుట్టీ కుట్టీ నా కళ్ళు పోతున్నాయి కదా. సొంతంగా ఏదైనా బిజినెస్ పెట్టాలని ఎన్నాళ్ళ నుంచో ఆశ. సుందర్‌బన్ అడవుల నుంచి తేనె తెచ్చే దాదా, అదే బెంగాలీ అన్న, ఒకడు దొరికేడు. పెద్ద డబ్బా కొనేసేను. చర్చి ఆడవాళ్ళ సేల్‌లో స్టాల్ కూడా అడిగేసేను!

సీసాలకి సీలేసే మిషను మనకెక్కడిది? ఫోన్లో వీడియో చూసేను. ప్లాస్టిక్ సీసా మూతి మీద సీలు రేకు పెట్టి, పైన గుడ్డేసి, వేడి ఇస్త్రీపెట్టెతో ఒక్క నొక్కు! చుయ్‌మంది. సీసా తలకిందులు చేసేను. చుక్క కారితే ఒట్టు! ఇక నన్ను పట్టేవాళ్ళు లేరు. మూతలు బిగించి, సీసా సీసాకీ బంగారు రంగు కాగితం చుట్టి, రిబ్బన్లు కట్టేను. వరసగా పేర్చి చూసుకుంటే... అబ్బ, పెళ్ళికూతుళ్ళే!

మా అత్త మాత్రం, "వాటికి గాలాడొద్దేటే?" అంది.

"అత్తా, ఇది ప్యాకింగ్! ఎయిర్‌టైట్!"

అలా ఈ మండే ఎండల్లో, మా రేకుల కప్పు కింద, వారం పైనే ఉంచేను.

నిన్న సేల్. మొదటి బోణీ పాస్టరుగారిదే! ఆయన ఈమధ్యే కాకినాడ నుంచి వచ్చేరు, బెంగాలీ ముక్క రాదు. తెల్ల చొక్కా, మెరిసే కళ్ళజోడు. "ఏదమ్మా, కాస్త రుచి చూద్దాం" అని మూత తిప్పేరు.

ఠప్!

రేకు ఎగిరిపోయింది! నురగ నురగగా తేనె ఆయన కళ్ళజోడు మీద, మీసాల మీద, చొక్కా మీద! "స్తోత్రం!" అని కేకేసేరు పాపం. భయానికి ఆ మాటే వచ్చినట్టుంది.

"అదొక్కటే పాడయ్యుంటుందండీ!" అని గబగబా ఇంకోటి నేనే తెరిచేను. ఠప్! ఈసారి నా మొహం! మా పక్కింటి బెంగాలీ వదిన, బౌదీ అంటాం, ఆగకుండా మూడోది తిప్పింది. ఠప్! పిల్లలు చప్పట్లు!

మా అత్త నెత్తి కొట్టుకుంది. "పులిసిపోయిందే అది! పలచటి తేనె, ఆపైన ఈ ఎండ! పులిసే పిండి డబ్బాకి మూత బిగిస్తామేటే ఎవరైనా?"

గ్యాసు పుట్టింది, బయటికెళ్ళే దారి లేదు. నా సీలు అంత గట్టిది మరి!

నేను ఏడుపు ముఖంతో నిలబడితే, బౌదీ వేలు నాకి, "దారుణ్! దారుణ్!" అని ఎగురుతోంది. పాస్టరుగారు కళ్ళజోడు తుడుచుకుంటూ, "నిజమే తల్లీ, దారుణమే జరిగింది. మా అమ్మాయిని క్షమించాలి" అని ఆవిడకి చేతులు జోడించేరు!

"అయ్యగారూ, బెంగాలీలో దారుణ్ అంటే అదిరిపోయిందని!" అన్నాను, మొహాన తేనె కారుతుండగానే.

అంతే, హాలంతా నవ్వులే! ఎవరో బ్రెడ్ తెచ్చేరు, ఎవరో గిన్నెలు తెచ్చేరు. పులుపూ తీపీ కలిసి భలే ఉందంట! ఒక్కో సీసా తెరవడం, ఠప్‌మంటే "హో!" అని అరవడం, వేళ్ళు నాకెయ్యడం. సరుకంతా అయిపోయింది!

ఇంటికొచ్చి సంచీ దులిపితే అడుగున ఇంకో సీసా. భయం భయంగా మూత తీసేను. ఠప్ లేదు, చుయ్ లేదు! రేకు అద్దంలా బల్లపరుపుగా ఉంది!

"చూసేరా! ఇదొక్కటీ పొంగలేదు! నా సీలింగ్‌లో తప్పు లేదు!" అని గెంతేను.

మా ఆయన దాన్ని అందుకుని, చెవి దగ్గర ఊపి, నా వంక ఒకసారి చూసి, బంగారు కాగితం చింపేడు.

"ఏటే, ఇందులో తేనేదీ?"

సీలేసే హుషారులో తేనె పొయ్యడమే మర్చిపోయేనర్రా! మొత్తం మీద నేనేసిన పర్ఫెక్ట్ సీలు అదొక్కటే!