కోట వాకిట్లో చెప్పిన మాట

మావాడు కాలేజీ హాస్టల్ నుంచి చెప్పాపెట్టకుండా ఇంటికి వచ్చేసి అప్పటికి నెల దాటింది. ఇంటర్ మొదటి సంవత్సరం సగంలో ఉన్నాడు. ఎందుకొచ్చావని ఎన్నిసార్లు అడిగినా "నేనింక ఎల్నమ్మా" అనడమే. వాళ్ల నాన్న మొదట అరిచారు, తర్వాత బతిమాలారు, చివరికి వాడితో మాట్లాడడమే మానేశారు. శ్రీకాకుళంలో మాది చిన్న ఇల్లు. అంత చోట్లో తండ్రీకొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా తిరుగుతుంటే నాకూ నా కూతురికీ ఊపిరి ఆడేది కాదు.

అందుకే విజయనగరం ప్రయాణం తలపెట్టాను. పొద్దున్న బయల్దేరి చీకటి పడకముందే తిరుగు బస్సెక్కేయాలి. నేను బడిలో సోషల్ చెప్తాను. ఆ కోట గురించి ఊళ్లో పిల్లలందరికీ చెప్పాను గానీ నా పిల్లలకు చూపించింది లేదు.

"కోటలో ఏటుంటాదమ్మా, గోడలే కదా?" అంది తొమ్మిదో తరగతి చదువుతున్న నా కూతురు. "నువ్వు క్లాసు పీకనంటే వస్తాను."

పీకనని ఒట్టేశాను. దాంతో అది ఫోను పట్టుకుని కూర్చుంది. కోట, గంటస్తంభం, ఆ పక్క బజార్లు, ఎండ తగ్గాక పెద్దచెరువు గట్టు. ఎక్కడ ఫోటోలు బాగా వస్తాయో అదే తేల్చింది. ఆ వయసు పిల్లల్ని ఎక్కడికైనా తీసుకెళ్లాలంటే సగం రోజు వాళ్ల చేతికిచ్చేయాలని నాకు అప్పుడే అర్థమైంది. "నువ్వేటి సూస్తావురా?" అని మావాణ్ని అడిగాను. "మధ్యాన్నం బిర్యానీ తిందామా?" అన్నాడు. నెల రోజులుగా వాడు నోరు తెరిచి ఏదీ అడగలేదు. దారికి పులిహోర కట్టుకెళ్దామని నానబెట్టిన చింతపండు చారులో వేసేశాను.

ముందురోజు మావారు, "నేనూ వస్తాను. షాపు మూసేస్తాను," అన్నారు. ఆయనది మోటార్లకు రాగితీగ చుట్టి వైండింగ్ కట్టే షాపు. పండగలకు కూడా దాన్ని మూయని మనిషి అలా అనేసరికి నా కడుపు నిండిపోయింది.

బస్సు ఎచ్చెర్ల దాటాక ఆయన నా వైపు వంగారు. పిల్లలిద్దరూ ముందు సీట్లో ఉన్నారు.

"అక్కడో కాలేజీలో మాటాడేసినాను. హాస్టలున్నాది. కోట సూసేసినాక ఆడ్ని అటే తీసుకెల్లిపోదాం."

"ఆడికి సెప్పారా?"

"సెప్తే వస్తాడేటి?"

సీటు కింద ఆయన పెట్టిన సంచి కాలితో జరిపి చూశాను. మంచినీళ్లూ చిరుతిళ్లూ అనుకున్నాను. అందులో వాడి బట్టలు, దుప్పటి ఉన్నాయి. ఈ పూటే వదిలేసి వచ్చేద్దామని.

ముందు సీట్లో అన్నాచెల్లెళ్లు చెరో ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఏదో చూసి నవ్వుకుంటున్నారు. వాడి నవ్వు విని ఎన్నాళ్లయిందో!  చెప్తే బస్సు దిగి ఎటైనా పోతాడేమో. చెప్పకపోతే ఈ జన్మలో నన్ను నమ్మడు. నేను వేసిన ప్రయాణమే వాడికి బోను అయింది. రణస్థలం వచ్చింది, వెళ్లింది. 

కోట ముందు ఆటో దిగాం. లోపలున్న కాలేజీల పిల్లలు గుంపులుగా వస్తూ పోతూ ఉన్నారు. మా అమ్మాయి అప్పుడే గుమ్మానికి ఫోను గురిపెట్టింది. మావారు మాటిమాటికీ వాచీ చూసుకుంటున్నారు. ఆయన నీళ్ల సీసాలు కొనడానికి అటు వెళ్లగానే మావాడి చెయ్యి పట్టుకున్నాను.

"ఒరే, నాన్న ఈ ఊళ్లో ఓ హాస్టల్లో మాటాడారు. ఈ రోజే నిన్ను దింపేద్దామని. నీ బట్టలు ఆ సంచిలో ఉన్నాయి."

"అందుకే తీసుకొచ్చేవా?"

"కాదురా. నాకూ బస్సులోనే తెలిసింది."

వాడు చెయ్యి విడిపించుకుని గోడ వెంట నడిచిపోయాడు. "అమ్మా, అన్నయ్య ఎల్పోతన్నాడు!" అని అరిచింది నా కూతురు. నేను వెనకాల పరుగెత్తాను. పేరు పెట్టి పిలవడానికి కూడా భయమేసింది, పిలిస్తే ఇంకా దూరం పోతాడని. కొంత దూరం పోయి వాడే ఆగాడు. అరచేతులు గోడకు ఆనించి నిలబడ్డాడు. అంతలో మావారు వచ్చారు.

"సెప్పేసినావా?"

"సెప్పేసినాను."

ఆయన కళ్లు ఎర్రబడ్డాయి. ఇంకేదో అనబోతుంటే మావాడు ఇటు తిరిగాడు.

"మార్కులు తగ్గితే మా సారు క్లాసు ముందు నిలబెట్టీవోరు నాన్నా. మీ నాన్న కాడ తీగలు సుట్టుకో, సదువెందుకు అనీవోరు. రోజూ అదే. అందరూ నవ్వీవోరు. నీకెలా సెప్పమంటావు?"

మావారు సీసాలు కింద పెట్టేశారు. ఆయన చేతుల మీద వైండింగ్‌కు పూసే వార్నిష్ మరకలు ఎంత కడిగినా పోవు. ఆ చేతుల్నే చూసుకుంటూ ఉండిపోయారు. మా అమ్మాయి నా వెనక్కి వచ్చి నా కొంగు పట్టుకుంది, చిన్నప్పటిలా.

"నా పనికేటొచ్చిందిరా?" అన్నారు చివరికి. 

తర్వాత పక్కకు వెళ్లి ఫోను చేసి వచ్చారు. "ఈ రోజు రాలేమని సెప్పేను."

"ఈ రోజేనా?" అన్నాడు మావాడు.

ఆయన కిందున్న సీసాల్లో ఒకటి తీసి వాడి చేతికిచ్చారు. "ఇంటికాడ్నించే సదువుకుందువుగాని. మన ఊళ్లోనే కాలేజీ సూద్దాం."

కోట చూశాం గానీ ఏం చూశామో నాకు గుర్తులేదు. అన్నం దగ్గర కూడా తండ్రీకొడుకులు మాట్లాడుకోలేదు. కాకపోతే ఎదురెదురుగా కూర్చున్నారు.

ఆ వారంలోనే పాత కాలేజీకి వెళ్లి టీసీ తెచ్చారు, ఇద్దరూ కలిసే. అక్కడేమైందని అడిగితే మావారు చెప్పలేదు. మావాడే చెప్పాడు.

"నాన్న ఏటీ అన్లేదమ్మా. నన్ను నిలబెట్టిన ఆ సారుకి ఎదురుగా కుర్చీలో కూకున్నాడు. టీసీ సేతికొచ్చినంతవరకూ లెగలేదు."