గుంతలో తడి

ధర్మవరంలో మా మగ్గానికి ఎలక్ట్రానిక్ జకార్డు పెట్టించినప్పటి నుంచి ఇంట్లో దానికి జరిగే మర్యాద అల్లుడికి కూడా జరగదు. చీరలో ఏ పువ్వు ఎక్కడ రావాలో చూసుకునే పెట్టె అది. మగ్గం పైన, మిద్దె కప్పుకు దగ్గరగా ఉంటుంది. మా మిద్దె కారుతుంది. లోపల ఒక్క చుక్క పడినా పెట్టె పోయినట్టేనని బిగించిన మెకానిక్ చెప్పిపోయాడు. ఆరోజు నుంచి మబ్బు కనబడితే చాలు, నాయన దానికి పాలిథిన్ చుట్టి, పైన టార్పాలిన్ పట్ట కప్పుతాడు.

ఈసారి ముసురు పట్టినప్పుడు ఇంకో జాగ్రత్త పడ్డాడు. గోడలు చెమ్మెక్కుతున్నాయని, పెట్టెకు కరెంటు ఇచ్చే ఎక్స్‌టెన్షన్ బోర్డును తీసి, చుక్క పడని చోట పెట్టాడు. ఆ చోటు మగ్గం గుంత. నేసే మనిషి కాళ్లు దించుకుని కూర్చునే గుంత అది. అడుగున, మూలకు బోర్డు పెట్టేసి నాకు ఫోన్ చేశాడు. "ఇంగ దేవుడొచ్చినా తడపలేడు" అన్నాడు.

మాది కరువు సీమ. నీళ్లంటే పైనుంచి రావాల్సిందే, కింద నుంచి వస్తాయని మాకెవరికీ తోచదు. గుంత తడిగా ఉందంటే ఎవరో తడిపారనే అర్థం. ఎండ కాస్తే పట్టు పోగులు తెగుతాయి కాబట్టి పొద్దున్నే గుంతలో నీళ్లు చల్లుతారు. అమ్మ చల్లుతుంది, ఆమె మరిచిపోతే నాయన చల్లుకుంటాడు. ముసురు రోజుల్లో ఆ పని ఉండదు.

వాన వెలిశాక, ఆదివారం నేను పని చేసే హిందూపురం నుంచి రైల్లో ఇంటికి బయల్దేరాను. పెనుకొండ దాటాక చేలల్లో నీళ్లు నిలిచి ఉన్నాయి. పక్కనున్న పెద్దాయన కిటికీలోంచి చూస్తూ, "చెరువులన్నీ నిండి మరవ పోతాండాయప్పా. బావుల్లో నీళ్లు పైకొచ్చినాయి" అన్నాడు. ఇన్నాళ్లకు నీళ్లు చూశామని ఇద్దరం సంతోషపడ్డాం.

ఇంటికి వచ్చేసరికి నాయన మగ్గంలో కూర్చుని మంచి ఉషారుగా నేస్తున్నాడు.

"పొద్దున్నుంచి ఒక్క పోగు తెగల్యా. మీ యమ్మ గుంత బాగా తడిపినట్టుండాది" అన్నాడు. మళ్లీ తనే, "కాళ్లే, రవ్వంత జుమ్మంటాండాయి. వయసు కదా" అని నవ్వాడు.

నా ఫోన్ చార్జింగ్ అయిపోయింది. బోర్డు గుంతలో ఉందని చెప్పాడు కదా అని చార్జర్ పట్టుకుని గుంత అంచున వంగాను. లోపల చీకటి. మూలన నీళ్లు నిలిచి ఉన్నాయి. బోర్డు అడుగు నీళ్లలో ఉంది, దాని ఎర్ర లైటు వెలుగుతోంది. జానెడు దూరంలో నాయన పాదాలు బురదలో ఆడుతున్నాయి.

పరుగెత్తి మెయిన్ ఆపేశాను. మగ్గం ఆగింది.

"ఎవర్రా ఆపింది? ఆడ పువ్వు సగంలో ఉండాది!" నాయన కేకలేశాడు.

అమ్మ వంటింట్లోంచి వచ్చింది. గుంతలో నీళ్లూ, వాటిలో ఉన్న బోర్డూ చూపించి, నువ్వు పోశావా అని అడిగాను.

"నేనేడ పోసినా? మీ నాయనే చల్లుకున్యాడనుకుంటి" అంది.

చెరువు నీళ్లు భూమిలోంచి మా గుంతలోకి నడిచి వచ్చాయని అప్పుడు తెలిసింది. చార్జర్ పక్కన పడేసి, బోర్డు ప్లగ్గు గోడలోంచి పీకేశాను. నాయన మాత్రం గుంతలోంచి లేచి, బురద కాళ్లతోనే స్టూలెక్కి పట్ట తీశాడు. పాలిథిన్ విప్పి పెట్టె చుట్టూ తడిమి చూశాడు. ఎక్కడా చెమ్మ లేదు. ఆయన మొహం తేటపడింది.

దిగి కూర్చున్నాక అమ్మ ఆ కాళ్లు రెండూ ఒడిలోకి తీసుకుని కొంగుతో తుడవసాగింది. తుడుస్తూ తుడుస్తూ ఏడ్చింది.

"ఎందుకే ఏడుస్తావు, పెట్టెకేం కాలేదంటే?" అన్నాడు నాయన.