ఖాళీ చిప్పు చేసిన చప్పుడు

ఎవరైనా దయ్యం కథ చెబితే సగం తగ్గించి వినే అలవాటు నాది. బట్టల అంగట్లో పెరిగినవాణ్ణి. ఎదుటివాడు చెప్పిన ధరైనా, మాటైనా ఒక్కసారికి ఒప్పుకుంటే మా ఇంట్లో నామోషీ. దయ్యాల్ని నేనెప్పుడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పను. జరిగింది మాత్రం చెబుతాను. కాణిపాకంలో ప్రమాణం చేయమన్నా చేస్తాను.

మాది చిత్తూరు. కింద అంగడి, పైన ఇల్లు. నేను తిరుపతిలో ఎలక్ట్రానిక్స్ చదివి, ఉద్యోగం దొరక్క అంగట్లో కూర్చున్న కాలం. కంప్యూటర్లలో యుఎస్‌బీ అప్పుడప్పుడే మామూలవుతోంది.

నాయనకు పక్షవాతం వచ్చి కుడి పక్క, మాట రెండూ పోయాయి. పై గదిలో మంచం మీదే ఉండేవాడు. పిలవాలన్నా పిలవలేడు. అందుకని మంచం దగ్గర మీటలు, అంగట్లో బజర్ పెట్టాలనుకున్నాను. మామూలు కాలింగ్ బెల్ చాలు కదా అన్నారందరూ. నీళ్లకు ఒక రకంగా, మందుకు ఒక రకంగా మోగాలని నా పట్టుదల. చదివిన చదువు గిట్టుబాటు కావాలి కదా.

అలా మోగించడానికి చిన్న మైక్రోకంట్రోలర్ చిప్పు కావాలి. దానిలోకి ప్రోగ్రామ్ ఎక్కించడానికి ప్రోగ్రామర్ అనే బోర్డు కావాలి. అది కొందామని చెన్నై వెళ్లాను. అంగడివాడు చెప్పిన ధరలో సగానికి అడిగాను. వాడు నవ్వాడు. నేను మా పద్ధతి ప్రకారం మెల్లగా మెట్లు దిగాను.

ఆ పద్ధతి కాస్త చెప్పాలి. బేరం కుదరక దిగిపోయేవాణ్ణి రెండడుగులు వెయ్యనిచ్చి వెనక్కి పిలవాలి. ఎవర్ని పిలవాలో, ఎవర్ని పోనివ్వాలో నాయన తేల్చేవాడు. నోటితో చెబితే గిరాకీకి తెలిసిపోతుంది. అందుకని ఇనుప మీటరు కడ్డీతో బల్ల మీద రెండు పొట్టి దెబ్బలు, కాస్త ఆగి ఒక గట్టి దెబ్బ కొట్టేవాడు. అంటే, పిలువు. కొట్టకపోతే, పోనివ్వు. ఈ సంగతి మా ఇద్దరికే తెలుసు. అమ్మకు కూడా తెలియదు.

చెన్నైలో నన్నెవరూ పిలవలేదు. వీధి చివరి దాకా వెళ్లి నిలబడ్డాను. తిరిగి వెళ్లడానికి సిగ్గేసి, విడి భాగాలు కొనుక్కొచ్చి ఆ బోర్డు ఇంట్లోనే టంకం పెట్టి చేసుకున్నాను.

అది సిద్ధమైన రోజు అమ్మ కాణిపాకం బయలుదేరింది. పోతూ పోతూ చెప్పింది.

"ఆ పెట్టె ముందర కూసోని నాయన్ని మర్సిపోవద్దప్పా. నడాన నడాన పైకి పోయి సూడు."

సరేనన్నాను. మధ్యాహ్నం గిరాకీ లేదు. కొత్త చిప్పును బోర్డులో పెట్టి, బజర్ తగిలించాను. మీటలు ఇంకా కొననే లేదు. పైకి లాగాల్సిన వైరు చుట్ట బల్ల కిందే ఉంది. కేబుల్ బల్ల మీది కంప్యూటర్‌కు గుచ్చాను. టుడుం అని చప్పుడు చేసి, కొత్త పరికరం దొరికిందని చూపించింది. చిప్పును చదివించాను. తెర నిండా ఎఫ్ఎఫ్, ఎఫ్ఎఫ్ అని వచ్చింది. అంటే లోపల ఏమీ లేదని అర్థం.

అప్పుడు బజర్ మోగింది.

రెండు పొట్టి మోతలు. కాస్త ఆగి ఒక పొడుగు మోత.

వైరు వదులైందేమోనని చెయ్యి చాచాను. మళ్లీ మోగింది, అలాగే. అలవాటుకొద్దీ నా తల అంగడి మెట్ల వైపు తిరిగింది, ఎవరు దిగిపోతున్నారా అని. మెట్ల మీద ఎవరూ లేరు.

పైకి పరుగెత్తాను.

నాయన మంచానికీ గోడకూ మధ్య జారి, ముఖం దిండులో కూరుకుపోయి ఉన్నాడు. తిప్పి చూస్తే పెదాలు నీలంగా ఉన్నాయి. ఊపిరి లేదు. భుజాలు కుదుపుతూ నాయనా, నాయనా అని అరిచాను. ఎన్నిసార్లు పిలిచానో తెలియదు. ఎప్పటికో పెద్దగా ఊపిరి తీశాడు. ఆస్పత్రిలో డాక్టర్, కాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నాడు.

సాయంత్రం అమ్మ నన్ను వింతగా చూసింది. "పొమ్మంటేనే పోవు గదా నువ్వు. ఎట్ట పోయినావప్పా ఆ టయానికి?" అని అడిగింది.

తిరుపతి నుంచి నా క్లాస్‌మేట్ మురళి వచ్చి బోర్డు తిప్పి తిప్పి చూశాడు. "ఖాళీ చిప్పు యాడన్నా మోగుతాదా? నీ టంకం సూస్తే దయ్యం గూడా పారిపోతాది" అన్నాడు. వైరు వదులైనా బజర్ కూయొచ్చని వాడి వాదన. కూయొచ్చు. రెండుసార్లూ అదే వరుసలోనా? వాడు కేబుల్ మళ్లీ గుచ్చి చూశాడు. ఎన్నిసార్లు గుచ్చి తీసినా అది మళ్లీ కిక్కురుమనలేదు.

నాయన ఇంటికొచ్చాక అడిగాను, నువ్వేనా అని. బేరం తెగే ముందు గిరాకీని చూసే చూపు ఒకటి ఉండేది ఆయనకు. అదే చూపు చూసి, కళ్లు మూసుకున్నాడు.

తర్వాత మీటలు కొన్నాను, వైరు లాగాను, ప్రోగ్రామ్ ఎక్కించాను. నీళ్లకూ మందుకూ బజర్ చక్కగా పనిచేసింది. నాయన ఇంకొన్నేళ్లు ఉన్నాడు.

ఆయన పోయిన పూట నేను కింద ఎవరితోనో బేరంలో ఉన్నాను. పైకి వెళ్లేసరికి అంతా అయిపోయింది. ఎడమ చెయ్యి మీటల పక్కనే ఉంది. నొక్కి చూశాను. కింద మోగింది. చిప్పు తీసి చదివించాను. నేను రాసింది రాసినట్టే ఉంది.

ఏమీ లేని చిప్పు ఆ రోజు పిలవమని ఎలా చెప్పిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. అన్నీ సరిగ్గా ఉన్న రోజు, పోనివ్వమన్నట్టు ఎందుకు ఊరుకుందో అదీ తెలియదు.