ఆళ్లగడ్డకు నిండుగా పోయిన లైటరు

జేబును బట్టి మనిషిని అంచనా కట్టే రోజులవి. చొక్కా జేబుకు పెన్ను ఉంటే చదువుకున్నవాడు, రెండు పెన్నులుంటే ఆఫీసువాడు, గొలుసు గడియారం వేలాడుతుంటే ఆస్తిపరుడు. నా జేబులో లైటరు ఉండేది. అలాంటివాణ్ణి ఏ కోవలో వేయాలో నంద్యాలలో ఎవరికీ తెలియదు కాబట్టి, నన్ను తప్పకుండా గొప్పవాళ్ల కోవలోనే వేసి ఉంటారని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. (వేయలేదని తర్వాత తెలిసింది.) ఈ వయసులో వెనక్కి తిరిగి చూస్తే, ఆ లైటరు కంటే ఆ నమ్మకమే నాకు ముచ్చటగా కనిపిస్తుంది. ఏమీ తెలియనివాడికి ఉండే ధైర్యం అన్నీ తెలిసినవాడికి ఉండదు. నాకు ఆ రోజుల్లో బోలెడంత ధైర్యం ఉండేది.

కాలువలు తవ్వబోయే ముందు నేల ఎత్తుపల్లాలు కొలిచే సర్వే పార్టీలో నాకు కొత్తగా ఉద్యోగం వచ్చింది. నంద్యాలలో గది, నెలలో సగం రోజులు రుద్రవరం వైపు కొండల కింద గుడారాల్లో కాపురం. ఉద్యోగం వచ్చిందని తెలిసి, పటాలంలో పనిచేసి వచ్చిన మా మేనమామ తన ఇత్తడి లైటరు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "అడవిలో తిరిగేటోనికి నిప్పు జేబులో ఉండల్లరా" అన్నాడు. మూత తీసి చక్రం తిప్పితే రాయి రాసుకుని రవ్వలు లేచేవి. లోపల కూరిన దూది పెట్రోలుతో తడిసి ఉంటే ఒత్తి అంటుకునేది. అంతే సంగతి. అయితే ఒక్క చిక్కుంది. నేను బీడీ గానీ సిగరెట్టు గానీ ముట్టేవాణ్ణి కాను. ఒకసారి ముట్టి, దగ్గలేక చచ్చి, ఇక ఆ జోలికి పోలేదు. కాబట్టి నా లైటరు గుడారం ముందు పొయ్యి వెలిగించడానికీ, ఎదుటివాళ్ల బీడీలు ముట్టించి గొప్పలు పోవడానికీ తప్ప నా సొంతానికి ఎందుకూ పనికొచ్చేది కాదు.

రెండో చిక్కు పెట్రోలుది. నంద్యాల ఎండలకు మనుషులే ఆవిరైపోతారు, పెట్రోలు ఎంత? పొద్దున పోసుకుని బయల్దేరితే మధ్యాహ్నం సంగటి వేళకు లైటరు ఎండిపోయేది. మా పార్టీలో కొలిచే గొలుసు లాగే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. మేమంతా గొలుసన్న అనేవాళ్లం. నేను చక్రం తిప్పీ తిప్పీ బొటనవేలు నొప్పి పుట్టి ఊదుకుంటుంటే ఆయన నింపాదిగా చూసి, "అగ్గిపెట్టె పెట్టుకుంటే సరిపాయె గదప్పా" అనేవాడు. ఆ మాట సమంజసమైనది కాబట్టే నాకు నచ్చేది కాదు.

నేను పరిశోధనకు దిగాను. తడిగుడ్డ చుట్టి చూశాను, చక్రం తుప్పు పట్టింది. మూత చుట్టూ మైనం రాశాను, ఎండకు కరిగి చొక్కాకు అంటుకుంది. చివరికి పాత సైకిలు ట్యూబు నుంచి వేలెడు వెడల్పు ముక్క కోసి, మూత అతుకు మీద బిగుతుగా తొడిగాను. అది పనిచేసింది. దాంతో పాటు నేను కొన్ని సూత్రాలు కూడా కనిపెట్టాను. దూది తడిసేంత పోయాలి, కారేంత పోయకూడదు. లైటరు ఎప్పుడూ నిలువునా ఉండాలి, పడుకోబెట్టకూడదు. ఒంటికి ఆనుకునే జేబులో పెట్టకూడదు, ఖాకీ చొక్కా పైజేబులో గుండీ పెట్టి ఉంచాలి, ఎండలో ఉన్నంతసేపూ అయితే సంచిలో గుడ్డల మధ్య దాచాలి. ఈ సూత్రాలను నేను అడిగినవాళ్లకు చెప్పేవాణ్ణి. అడగనివాళ్లకు మరింత వివరంగా చెప్పేవాణ్ణి.

ఒకసారి రుద్రవరం అవతల వానలో చిక్కుకుపోయాం. అందరి అగ్గిపెట్టెలూ నాని ముద్దయ్యాయి. నేను పైజేబు గుండీ విప్పి, రబ్బరు పక్కకు జరిపి, చక్రం తిప్పగానే ఒత్తి భగ్గున అంటుకుంది. ఆ పూట పార్టీ మొత్తం నా చలవ వల్ల టీ తాగింది. గొలుసన్న కూడా గ్లాసు పట్టుకుని, "ఉండనీలేప్పా, పనికొచ్చింది" అన్నాడు. ఆయన నోట అంతకు మించిన బిరుదు ఎవరికీ రాలేదు. ఆ రోజు నుంచీ నేను నేల మీద నడవడం కొంచెం తగ్గించాను.

అలా ఉండగా మా బావ, అంటే మా అక్క మొగుడు, ఆళ్లగడ్డలో సంబంధం చూశాడు. పిల్లను దూరం నుంచి నేను అంతకు ముందే ఒక పెళ్లిలో చూసి ఉన్నాను. (ఆ సంగతి బావకు చెప్పలేదు. చెప్పకపోయినా నేను వెంటనే ఒప్పుకున్న వేగం చూసి ఆయన గ్రహించే ఉంటాడు.) ఎన్నడూ ఏ దేవుణ్ణీ పెద్దగా ఏదీ అడగనివాణ్ణి, ఈ సంబంధం కుదరాలని మాత్రం నిజంగా కోరుకున్నాను. వాళ్లు పెట్టిన షరతు ఒక్కటే, అల్లుడు పొగ తాగేవాడు కాకూడదు. పిల్ల చిన్నాన్న ఒకాయన బీడీ ముక్క ఆర్పకుండా విసిరేస్తే ఆ ఏడాది గడ్డివామి మొత్తం తగలబడిపోయిందట. అప్పటి నుంచీ ఆ ఇంటి తాత, పొగ తాగేవాడికి పిల్లనిచ్చేది లేదని ఒట్టు పెట్టుకున్నాడు. తాత మాత్రం పొద్దుగూకులూ చుట్ట తాగేవాడు. అది వేరే సంగతి.

"బీడీ లేదు, చుట్ట లేదు, బుద్ధిమంతుడు అని వాళ్లకు చెప్పి ఉండా. పెళ్లిచూపులకు నువ్వు ఆ లైటరు మాత్రం ఇంటికాడ పెట్టి రా" అన్నాడు బావ. సలహా బంగారంలాంటిది. నేను సరేనన్నాను. అయితే మర్నాడు ఆళ్లగడ్డ నుంచి నేరుగా గుడారాలకు పోవాలి. అక్కడ పెట్రోలు దొరకదు. పైగా లైటరు లేకుండా నడిస్తే ఆ రోజుల్లో నాకు చెప్పుల్లేకుండా నడిచినట్టు ఉండేది. ఎవరికీ కనపడకుండా ఉంచుకుంటే ఎవరికి నష్టం? కొత్త తెల్లచొక్కా జేబులో పెడితే పలచటి గుడ్డలోంచి కనిపిస్తోంది. అందుకని ప్యాంటు జేబులో వేశాను. రెండు రోజులకు సరిపడాలని, పెన్నులో ఇంకు పోసే గొట్టంతో నిండా, అంచుదాకా పోశాను. అంటే లోకానికంతటికీ నేను చెప్పిన సూత్రాలన్నీ నేనే ఒక్క పూటలో తప్పాను. అయినా రబ్బరు ఉంది కదా అనుకున్నాను.

రబ్బరుకూ పెట్రోలుకూ పొత్తు కుదరదని అప్పటికి నాకు తెలియదు. పైజేబులో కొద్దిగా తగిలితే ఏమీ కాని ఆ రబ్బరు, నిండా కారిన పెట్రోలులో నానేసరికి ఉబ్బి, మెత్తబడి, పట్టు వదిలేసింది. బస్సులో జనం కిక్కిరిసి ఉన్నారు. ఒక బస్తా నా తొడను కిటికీ వైపుకు నొక్కి పెట్టింది. లైటరు తలకిందులై ఉంటుంది. కొంతసేపటికి తొడ మీద చల్లగా తగిలింది. చెమట అనుకుని సంతోషించాను. మరి కొంతసేపటికి మంట మొదలైంది. ఆళ్లగడ్డలో దిగేసరికి ఎవరో మిరపకాయలు నూరి పట్టు వేసినట్టు ఉంది.

వాళ్ల వసారాలో బేతంచెర్ల బండలు పరిచి ఉన్నాయి. ఆ చల్లటి బండ మీద కూర్చుంటే తగ్గుతుందని ఆశపడ్డాను. వాళ్లేమో మర్యాదకు బొంత పరిచి దాని మీద కూర్చోబెట్టారు. అవతలి చివర తాత, గుమ్మంలో అవ్వ, తలుపు వెనక ఆడవాళ్ల చీరల చప్పుడు. నేను కుడికి ఒరిగాను, ఎడమకు ఒరిగాను. గోకకూడదని చేతులు కట్టుకున్నాను. కాసేపటికి ఒక చెయ్యి తనంతట తానే కిందికి పోయింది. బావ మోచేత్తో పొడిచాడు.

"ఏందప్పా, కుదురుగా కూచోలేకుండా ఉండావ్" అన్నాడు తాత.

"బస్సులో వచ్చినాడు కదా, ఒళ్లు నొప్పులు" అన్నాడు బావ.

తాత తల ఊపాడు. కానీ తలుపు వెనక నుంచి ఎవరో, "గజ్జి ఉన్నట్టుండాది పిల్లోనికి" అనడం స్పష్టంగా వినిపించింది. అవ్వ నా చేతివేళ్ల సందుల్లోకి తొంగి చూడడం మొదలుపెట్టింది. నా పరిస్థితి ఆలోచించండి. జేబులో లైటరు కారిందని చెబితే పొగ తాగేవాణ్ణవుతాను. చెప్పకపోతే గజ్జివాణ్ణవుతాను. తాగకుండా లైటరు మోసేవాడు కూడా ఒకడుంటాడని ఈ భూమ్మీద ఎవరు నమ్ముతారు? చెప్పకుండా ఓర్చుకోవడమే మేలని తేల్చుకున్నాను. ఆ సమయంలోనే పిల్ల భక్షాల పళ్లెం తెచ్చి నా ముందు పెట్టింది. పెళ్లిలో దూరం నుంచి చూసినదానికంటే దగ్గర నుంచి మరీ బాగుంది. ఆమె వంగినప్పుడు ముక్కు కొంచెం ఎగబీల్చింది. నేను నవ్వబోయాను. మంటకు ఆ నవ్వు ఎలా తయారైందో నాకు తెలియదు గానీ, అవ్వ మాత్రం ఒక అడుగు వెనక్కి వేసింది.

అప్పుడు తాత చుట్ట ముట్టించాడు. ముట్టించి, నాతో నాలుగు మాటలు మాట్లాడదామని లేచి, నిప్పు రాలుతున్న ఆ చుట్టతో నా పక్కన కూర్చోవడానికి వస్తున్నాడు. నాకు ఒక్కసారిగా పై ప్రాణాలు పైనే పోయాయి. నా ప్యాంటు ఒక కాలు పొడుగునా పెట్రోలే. లేచి నిలబడ్డాను. తాత మర్యాద అనుకుని, "కూచోప్పా, కూచో" అంటూ ఇంకా దగ్గరికి వచ్చాడు. నేను వెనక్కి జరిగాను. ఆయన ముందుకు వచ్చాడు. వసారా దిగి వాకిట్లోకి పోయాను. ఆయన కూడా దిగాడు. కాబోయే తాతగారి ముందు పెళ్లికొడుకు వెనక్కి నడుస్తూ వాకిలి చుట్టూ తిరగడం ఆళ్లగడ్డ అంతకు ముందు చూసి ఉండదు. బావ కళ్లు మూసుకున్నాడు.

"తాతా, చుట్ట ఆడ పెట్టు" అని తలుపులోంచి మాట వచ్చింది. పిల్లది. "ఆయప్ప మీద పెట్రోలు వాసన వస్తాంది. మన బావికాడ ఇంజను ముట్టించేటప్పుడు వచ్చే వాసనే. నిప్పు తగిలితే ఊరుకోదు."

తాత నిలబడిపోయాడు. చుట్టను దూరంగా మట్టిలో కుక్కి వచ్చాడు. ఇక దాచడానికి ఏముంది? జేబులోంచి లైటరు తీసి అరచేతిలో పెట్టి చూపించాను. ఉబ్బిన రబ్బరు దాని మీద చచ్చిన జలగలా వేలాడుతోంది. బావ కనీసం నా వైపు చూడను కూడా లేదు.

"తాగవని చెప్పినారే" అన్నాడు తాత.

"తాగను తాతా."

"తాగకుంటే ఇదెందుకప్పా?"

నేను చెప్పాను. ఒకసారి మొదలుపెట్టాక నాకే ఆగాలనిపించలేదు. మేనమామ, రుద్రవరం వాన, తడిసిన అగ్గిపెట్టెలు, దూది ఎంత తడవాలి, ఏ జేబు మంచిది, నిలువునా ఎందుకు ఉంచాలి, అన్నీ వరసగా చెప్పాను. తొడ మండిపోతున్నా గొంతు మాత్రం తగ్గలేదు. తాత మధ్యలో అడ్డు రాకుండా అంతా విన్నాడు.

"ఆ ప్యాంటు విప్పి అవతల ఆరెయ్యి. నా పంచె కట్టుకొని రా. వచ్చి అంటించి చూపీ" అన్నాడు.

అవ్వ ఇచ్చిన వెన్న రాసుకుని, తాత పంచె కట్టుకుని వచ్చాను. ఇంటికి దూరంగా, వాకిలి చివర నన్ను నిలబెట్టారు. ఇంతమంది ముందు ఒక్కసారి అంటుకుంటే చాలు, నా మాట నిలబడుతుందని అనుకున్నాను. చక్రం తిప్పాను. రవ్వలు లేచాయి. మళ్లీ తిప్పాను. ఊదాను, విదిలించాను, ఒత్తి పైకి లాగాను, తిప్పాను. ఉన్న పెట్రోలంతా నా ప్యాంటు తాగేసింది. లైటరులో చుక్క లేదు. పెళ్లి చేజారిపోయిందని అర్థమైంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. పిల్ల ముందు అన్ని గొప్పలు చెప్పి, పరాయి పంచెలో నిలబడి ఎండిన లైటరు తిప్పుతున్నాను.

తాత నవ్వడం మొదలుపెట్టాడు. పొట్ట పట్టుకుని, ఆయాసం వచ్చేదాకా నవ్వి, బావ వైపు తిరిగాడు.

"నేను యాభై ఏండ్లుగా తాగుతాండా. తాగేటోడు తిండి మర్చిపోతాడు, పెండ్లాన్ని మర్చిపోతాడు, నిప్పును మర్చిపోడు. నిప్పు ఇంత అధ్వానంగా మోసేటోడు తాగినోడు కాదు. పిల్లనిస్తాం, ముహూర్తం చూసుకోండి."

బావ అప్పుడు కళ్లు తెరిచాడు.

ఆ పెళ్లి జరిగి చాలా కాలమైంది. తాత పోయాడు, బావ పోయాడు, ఆ వాకిట్లో ఇప్పుడు ఎవరెవరో ఉంటున్నారు. ఈ కథను నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ప్రతిసారీ చివర, నన్ను గెలిపించింది నా నిజాయితీ అని గంభీరంగా ముగించేవాణ్ణి. మా ఆవిడ పక్కనే కూర్చుని వక్కలు కత్తిరించుకుంటూ ఏమీ అనేది కాదు. మొన్న మనవరాలికి చెబుతుంటే మాత్రం, నేను ముగించాక, తల ఎత్తకుండానే ఒక మాట అంది.

"నువ్వు గడప తొక్కినప్పుడే నాకు వాసన వచ్చింది."

"మరి అప్పుడే చెప్పకపోతివే, అంతసేపు మండి చస్తాంటి గదా" అన్నాను.

"ఎంతసేపు ఓర్చుకుంటావో చూద్దామనుకుంటి. పెండ్లి చేసుకోవల్ల గదా, తెలుసుకోకుంటే ఎట్లా? తాత చుట్ట తీసుకొని వచ్చె గానీ, లేకుంటే ఇంకొంచెం సేపు చూస్తాంటి."

తెల్లచొక్కా వేసుకుని, అన్నీ తెలుసనుకుని, ఆళ్లగడ్డ బస్సు దిగిన ఆ కుర్రవాడు కళ్ల ముందు మెదిలాడు. పిల్లను చూడడానికి పోతున్నానని ఎంత ధీమాగా నడిచాడో పాపం.