అద్దం మీద ఆవిరి పట్టని చోటు

దెయ్యాలంటే నాకు భయం కాదు, చిరాకు. గోడ మీద మనిషి ఆకారం కనిపించిందని ఎవరైనా అంటే, పైన బాత్‌రూమ్ ఎక్కడుందండీ అని అడిగే రకాన్ని. మా నాన్న స్టీల్ ప్లాంట్ ఉద్యోగానికి గోదావరి నుంచి విశాఖ వచ్చారు. నేను ఏసీలు, గాలి గొట్టాలు బిగిస్తాను. ఇళ్ళల్లోని నెమ్ముతోనే నా బతుకుతెరువు. కాబట్టి ఇది నమ్మమని ఎవరినీ బతిమాలను.

పెందుర్తిలో రిటైరైన నర్సు ఒకావిడ ఉన్నారు. సుగుణ ఆంటీ అందాం. మోకాళ్ళు అరిగిన భర్త కోసం హాలు పక్క గదిలో చిన్న ఈత కొలను కట్టించారు. ఆయన పోయాక గది పాడైంది. సీలింగు చెక్క ఒకటి ఊడి నీళ్ళలో పడింది. కొలను పూడ్పించేద్దామని కూతురు పట్టుబట్టింది. ఆంటీ ససేమిరా అన్నారు. గదిని ఎలాగైనా నిలబెట్టమని నన్ను పిలిచారు.

చూడగానే తప్పు తెలిసింది. మా ఊరివాళ్ళందరూ చేసే తప్పే. గది తడిగా ఉంటే సముద్రపు గాలికి ఆరుతుందని కిటికీలు బార్లా తెరుస్తారు. ఆ గాలిలోనే బోలెడంత తేమ! పైగా హాల్లో ఏసీ చలికి, మధ్యనున్న అద్దాల గోడకు కొలను వైపు చెమట కారుతోంది.

నాతో పనిచేసే అప్పలరాజు అద్దం తుడవబోయి ఆగిపోయాడు.

"బావా, ఇటు సూడు. ఇక్కడ పట్టలేదేటి?"

అద్దమంతా ఆవిరే. దాన్ని ఆనుకుని కొలను వైపు కట్టిన అరుగు మీద కూర్చున్న మనిషి వీపు ఆనించినంత మేర మాత్రం, భుజాల వంపుతో సహా, శుభ్రంగా ఉంది. వెచ్చగా ఉన్న చోట ఆవిరి పట్టదు, అందులో వింతేం లేదు. వేడినీళ్ళ పైపేదో ఉందనుకున్నాను. అద్దంలో పైపేమిటి, నా మొహం! చెయ్యి పెట్టి చూశాను. మనిషి ఒంటి వెచ్చదనం. థర్మామీటరూ అదే చెప్పింది. పక్కనే జానెడు దూరంలో అద్దం చల్లగా ఉంది. మళ్ళీ కొలిచాను, తేడా లేదు.

ఆంటీ గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"తుడవకు బాబూ. అది మాయన కూకునే సోటు. రోజూ సందేళ వత్తాడు. నాను హాల్లో ఇటేపు కూకుని వీపు ఆనిత్తాను. వెచ్చగా ఉంటాది."

గది ఎందుకు పూడ్చనివ్వలేదో అప్పుడు అర్థమైంది. గది ఆరితే అద్దం మీద ఇంకేం కనపడదని ఉన్నమాట చెప్పాను.

"కనపడకపోతే ఏటి? గది ఉంటే ఆయనుంటాడు" అన్నారు.

కిటికీలు మూసి బిగించాం. ఈత లేనప్పుడు నీళ్ళ మీద కప్పడానికి పట్టా వేశాం. తేమ లాగే మిషన్ పెట్టి, పొడిగాలి అద్దం పొడవునా కింది నుంచి తగిలేలా గొట్టం నడిపాం. లోపలికి వదిలే గాలి కంటే బయటికి లాగేది కాస్త ఎక్కువ ఉంచాం, తేమ ఇంట్లోకి పాకకుండా. కొద్దిరోజుల్లోనే గది అప్పడంలా ఎండింది. నేను మురిసిపోయాను.

ఆంటీ ఫోన్ చేశారు. మెచ్చుకుంటారనుకున్నాను.

"బాబూ, అద్దం సల్లగుంది" అన్నారు.

పరుగున వెళ్ళాం. మిషన్ ఆపాను, పట్టా లాగేశాను, కిటికీలు తెరిచాను, హాల్లో ఏసీ పెంచాను. చేసిందంతా నా చేత్తోనే చెడగొట్టాను. సాయంత్రానికి ఆవిరి పట్టింది. ఈ మూల నుంచి ఆ మూల దాకా, ఎక్కడా ఖాళీ లేకుండా. ఆంటీ హాల్లో అద్దానికి ఆనుకుని చాలాసేపు కూర్చున్నారు. అప్పలరాజు చూడలేక బయటికి వెళ్ళిపోయాడు.

చివరికి ఆవిడే లేచారు. "మిషనెయ్యి బాబూ. సెక్కలు పాడైపోతాయి."

ఆ వేడి ఖాళీ అద్దానికి ఎక్కడి నుంచి వచ్చిందో నాకిప్పటికీ తెలీదు. ఎందుకు పోయిందో అంతకంటే తెలీదు. ఈమధ్య కూతురు ఫోన్ చేసి, వచ్చి మిషన్ విప్పుకెళ్ళమంది. కొలను పూడ్పించేస్తున్నారట. పూడ్పించమన్నది ఆంటీయేనట.